తడి ఇసుక

వంతెన కట్టడం ముగిసి ఏడాది దాటింది. స్తంభాలు లేచాయి, వాటి మీద దారి పరుచుకుంది, రెండు పక్కలా పిట్టగోడలకు తెల్లరంగు వేశారు, దీపాలు కూడా అమర్చారు. ఇక చేయవలసింది దాని మీద నడవడమే. అదొక్కటే కూడదన్నారు. రెండు చివరలా కాంక్రీటు నింపిన పీపాలు అడ్డం పెట్టి, వాటి మధ్య ఇనుప గొట్టాలు వెల్డింగు చేసి, "ప్రవేశం లేదు" అని పలక తగిలించారు. ఆ వంతెనను వాడుకునే భాగ్యం కాకులకు మాత్రమే దక్కింది.

కారణం పెద్దదేమీ కాదు. కొత్త వంతెనను వాహనాలకు వదిలే ముందు దాని మీద బరువు పెట్టి పరీక్షించాలి. బరువుకు నిండు లారీలు కావాలి. లారీలు అద్దెకు తేవాలంటే మంజూరు కావాలి. మంజూరుకు బడ్జెట్టు కావాలి. రాజధానిలో ఏ పక్షానికీ బలం చాలక, ఉన్న ప్రభుత్వం పడిపోయి, కొత్తది కుదరక, బడ్జెట్టు ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. సంతకం పెట్టవలసిన పెద్ద ఇంజనీరు పదవీ విరమణ చేసి వెళ్లిపోయాడు. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చవలసిన మంత్రే లేడు. ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి ప్రయాణం చేసి, అక్కడ కాస్త విశ్రాంతి తీసుకుని, బయలుదేరిన చోటికే క్షేమంగా తిరిగి వచ్చేది.

ఊరికి మాత్రం విశ్రాంతి లేదు. ఆసుపత్రి, కాలేజీ, పెద్ద మార్కెట్టు అన్నీ అవతలి ఒడ్డున ఉన్నాయి. వాటితో పనిపడే మనుషులు ఇవతలి ఒడ్డున ఉన్నారు. మధ్యలో పడవ. నది పెరిగితే పడవా ఉండదు. అప్పుడు ఎగువన ఎక్కడో ఉన్న పాత ఆనకట్ట దాకా వెళ్లి, దాని మీదుగా చుట్టు తిరిగి రావాలి. పొద్దున్నే బయలుదేరినవాడు ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆ ఆసుపత్రి మేడ ఈ ఒడ్డున ఎవరి డాబా ఎక్కినా కనిపిస్తూనే ఉండేది. కనిపించడం వల్ల దూరం ఇంకా ఎక్కువగా తోచేది.

అలా డాబా మీద నిలబడి ఆ మేడను చూసేవాళ్లలో రుజువమ్మ ఒకరు.

అది ఆమె అసలు పేరు కాదు. బడిలో సైన్సు చెప్పినన్నాళ్లూ, ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అని అడగడం ఆమెకు అలవాటు. పసరు మందుతో పాము విషం దిగిందని ఒకరంటే రుజువు. నిమ్మకాయ కట్టాక వ్యాపారం పుంజుకుందని ఇంకొకరంటే రుజువు. పిల్లలు పెట్టిన ఆ పేరు వాళ్లు పెద్దవాళ్లై పిల్లల్ని కన్నాక కూడా నిలిచిపోయింది. ఆమె భర్త దర్జీ. ఊరి మగవాళ్లలో సగం మంది నడుము కొలత ఆయనకు నోటికి వచ్చు. రెండేళ్ల కిందట ఆయన మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయి. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు అవతలి ఒడ్డుకు వెళ్లి, యంత్రం పక్కన పడుకుని, రక్తం శుద్ధి చేయించుకుని రావాలి.

పోయిన వానాకాలం ఆయన చుట్టుదారిన తిరిగాడు. బస్సు కుదుపులకు వెళ్లేటప్పుడు వాంతులు, వచ్చేటప్పుడు కాళ్ల తిమ్మిరి. చివరి రోజుల్లో ఒక వారం రెండుసార్లే వెళ్లాడు. ఇంకో వారం ఒకటే. ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడు. ఈ ఏడు ఎండలు ముదురుతుండగా ఒకరోజు మిషను మీద వంగి జాకెట్టు చేతులు కుడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"టీచరూ, ఈసారి ఆ చుట్టుదారి నావల్ల కాదు. పడవ ఆగిన రోజు నేనూ ఆపేస్తాను."

"ఏం ఆపేస్తారు?"

"వెళ్లడం."

కొత్త ఆర్డర్లు తీసుకోనని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆయన బెదిరించే మనిషి కాదని రుజువమ్మకు తెలుసు. మరునాడే గొడుగు తీసుకుని రోడ్ల శాఖ ఆఫీసుకు వెళ్లింది.

ఆఫీసులో అన్ని బల్లలూ ఉన్నాయి, మనుషులే లేరు. కిటికీ పక్కన చిన్న ఇంజనీరు ఒక్కడు కూర్చుని ఉన్నాడు. ఊరంతా కాళ్లరిగేలా తన చుట్టూ తిరుగుతోందని తెలిసినవాడు కాబట్టి, ఆమెను చూడగానే లేచి కుర్చీ వేశాడు.

"అమ్మా, ఫైలు గురించైతే నేను చెప్పగలిగింది ఏమీ..."

"ఫైలు సంగతి వదిలెయ్ నాయనా. ఆ పరీక్ష అంటే ఏమిటో చెప్పు."

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాగితం తీసి బొమ్మ గీశాడు. రెండు స్తంభాల మధ్య ఉన్న భాగాల్లో అన్నిటికంటే పొడవైనదాన్ని ఎంచుకోవాలి. దాని మీద ఇంత బరువని లెక్క ఉంది, ఆ బరువు నింపిన లారీలను నిలపాలి. ఆ భాగం నడుమ కొద్దిగా కిందికి వంగుతుంది. వంగితే తప్పు కాదు. ఒక పగలూ ఒక రాత్రీ బరువు అలాగే ఉంచాలి. తరువాత లారీలు దించేసి, మళ్లీ ఒక పగలూ రాత్రీ ఆగి చూడాలి. వంగినదానిలో ముప్పాతిక వంతుకు మించి పైకి తిరిగి వస్తే వంతెన ఆరోగ్యంగా ఉన్నట్టు. రాకపోతే లోపల ఎక్కడో జబ్బు ఉన్నట్టు.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"ఇది మేం చేస్తే?"

అతను నవ్వాడు. ఆమె నవ్వడం లేదని గమనించి ఆపేశాడు.

"మీరు చేస్తే చెల్లదమ్మా."

"చెల్లుతుందా అని అడగలేదు. నిజమవుతుందా అని అడిగాను."

చిన్న ఇంజనీరు కిటికీలోంచి బయటికి చూశాడు. చివరికి, "నిజమనేది ఎవరు చేసినా నిజమేగా," అన్నాడు నెమ్మదిగా. "కొలత సరిగ్గా తీయాలి, అంతే. ఎంత బరువో, ఎక్కడ నిలపాలో రహస్యమేం కాదు. అచ్చు పుస్తకంలోనే ఉంది. ఇదిగో, చూసుకోండి. నేను టీ తాగి వస్తాను."

అతను టీ తాగడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

లారీలంటే లారీ వదిన. మొగుడు పోయాక అతని ఇసుక లారీలను అమ్మేయమని చుట్టాలందరూ చెప్పినా చెవిన పెట్టకుండా, స్టీరింగు తానే పట్టి, ఒకటి రెండు చేసి, రెండు పది చేసిన మనిషి. నదిలో ఇసుక ఎత్తే పని అంతా ఆమె మనుషులదే. గొంతు పెద్దది. రుజువమ్మ విషయం చెప్పడం ముగించక ముందే ఆమె లేచి నిలబడింది.

"టీచరమ్మా, మొన్న మా కోడలికి నొప్పులొస్తే పడవలోనే కాన్పయింది. పడవవాడు తెడ్డు వదిలేసి కళ్లు మూసుకున్నాడు. తెడ్డు నేనేశా, బిడ్డను వియ్యపురాలు పట్టుకుంది. ఇప్పుడు వాడికి ఊరంతా పడవబ్బాయి అని పేరు పెట్టారు. లారీలు ఎన్ని కావాలి?"

"పీపాలు తీయాలి, గొట్టాలు కోయాలి. కేసు పెడతారేమో."

"ఎవరు పెడతారు? పెట్టే కుర్చీలో మనిషి ఉండాలి కదా? ఆ ఖాళీ కుర్చీ ఇన్నాళ్లూ మనల్ని ఏడిపించింది. ఒక్కసారైనా మనకు పనికి రానివ్వండి!"

ఆమె చెప్పినట్టే జరిగింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా రెండు చివరలా గొట్టాలు కోశారు. స్టేషనులో మిగిలిన ఒకే ఒక్క కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. విషయం ఎవరికి తెలియజేయాలో తనకూ అంతుబట్టక, పీపాల పక్కన కాసేపు నిలబడి, "పిల్లల్ని దగ్గరికి రానీయకండి," అని హెచ్చరించి వెళ్లిపోయాడు.

పొడవైన భాగం కింద అదృష్టవశాత్తు ఇసుక తిన్నె ఉంది. నది అప్పటికి ఇంకా సన్నగా, ఒక పక్కన ఒదిగి పారుతోంది. రుజువమ్మ వంతెన అడుగు నుంచి తీగ వేలాడదీసి, కొసకు ఇనుప గుండు కట్టించింది. ఆ కొసను ఒక పొడుగాటి పుల్లకు తగిలించి, వంతెన గోరంత వంగితే పుల్ల కొన బెత్తెడు కిందికి దిగేలా అమర్చింది. బడి ల్యాబులో పిల్లల చేత చేయించిన అమరికే, కాస్త పెద్దది. పుల్ల వెనక నల్లబల్ల నిలిపారు. దాని మీద గీత గీసే పని దర్జీది. బట్ట మీద గీసే సుద్దబిళ్లను చాకుతో అరగదీసి, వెంట్రుకంత గీత గీయగలడు. గొడుగు కింద కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ మనుషుల నడుములు కొలిచాను. వంతెన నడుము కొలవడం ఇదే మొదలు," అన్నాడు.

"కదలకుండా నిలబడుతుంది, మీ గిరాకీల కంటే నయం," అంది లారీ వదిన.

రుజువమ్మ ఒక్క నియమం గట్టిగా పెట్టింది. ఎండకు కాంక్రీటూ, తీగా రెండూ సాగుతాయి. కాబట్టి పొద్దు వాలే వేళ తీసిన కొలతను మరునాడు పొద్దు వాలే వేళ తీసిన కొలతతోనే పోల్చాలి. నడుమ ఏం కనిపించినా లెక్కలోకి రాదు. పరీక్ష తేలేదాకా ఒక్క మనిషి కూడా వంతెన ఎక్కకూడదు. సర్కారు పీపాలు తీసేసిన చోట ఆమె తాడు కట్టి, తానే స్టూలు వేసుకుని కూర్చుంది. అవతలికి దాటబోయిన పాలవాణ్ణి వెనక్కి పంపింది.

"సర్కారే నయమమ్మా, నిద్రపోతూ కాపలా కాసేది," అని గొణిగాడు పాలవాడు.

లారీలు ఇసుక నింపుకుని, కాటా మీద తూగి, బరువు సరిచూసుకుని, ఒకదాని వెనక ఒకటి వంతెన ఎక్కాయి. గీసిన చోట్ల నిలిచాయి. కింద పుల్ల కొన మెల్లగా దిగి, వణికి, ఆగింది. ఖాళీ వంతెనకు ముందే గీసిన గీత కింద దర్జీ ఇంకో గీత గీశాడు. ఊరంతా ఒడ్డున నిలబడి ఊపిరి బిగబట్టింది, తరువాత వదిలింది.

మరునాడు పొద్దు వాలాక మళ్లీ చూశారు. పుల్ల కొన నిన్నటి గీత కంటే పైకి ఉంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన మొదటివాడు అరిచాడు. "లేచింది! బరువు మోస్తూనే పైకి లేచింది!" ఒడ్డంతా ఈలలు, చప్పట్లు. లారీ వదిన కుర్రాణ్ణి ఎత్తినట్టు దర్జీని కుర్చీతో సహా ఎత్తబోయింది. లారీలు దించాక ఇంక చూసేదేముంది, పీపాలు ఇప్పుడే నదిలోకి దొర్లిద్దామన్నారు. ఎగువన వానలు మొదలయ్యాయనీ, రేపటి నుంచి పడవ తీయననీ పడవవాడు పొద్దున్నే చెప్పాడు. దర్జీ ఆసుపత్రికి వెళ్లవలసింది కూడా రేపే.

రుజువమ్మ మాత్రం నల్లబల్ల ముందు నుంచి కదల్లేదు.

ఆ పైగీత ఆమెకు ఎంత కావాలో ఆమెకే తెలుసు. అంత కావాలనిపించింది కాబట్టే ఆమెకు అనుమానం వచ్చింది. నిండు బరువు కింద ఉన్న వంతెన కిందికి వంగవచ్చు, ఉన్నచోట ఉండవచ్చు. పైకి లేవదు. లేచిందంటే వంతెన మారలేదు, బరువే మారింది. ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా గట్టెక్కి, వంతెన మీదికి నడిచింది. లారీల కింద కొత్త కాంక్రీటు మీద ఒండ్రు చారలు కనిపించాయి. ప్రతి లారీ వెనక చక్రాల దగ్గర మొదలై, పిట్టగోడ పక్కన నీళ్లు పోయే తూము దాకా ఎండిన వాగుల్లా సాగాయి. చెయ్యి పెట్టి చూసింది. గరుగ్గా, పొడిగా ఉంది.

"వదినా, ఇలా రా. ఇవేమిటి?"

లారీ వదిన వచ్చి చూసింది. ఆమె ముఖంలో పండగ ఒక్కసారిగా ఆరిపోయింది. వెనక్కి తిరిగి డ్రైవర్లను చూసింది. డ్రైవర్లు ఒకరినొకరు చూసుకుని, తరువాత తమ చెప్పులను చూసుకున్నారు.

"ఏరా, తడిపారా?"

మీసాల డ్రైవరు ఒకడు గొంతు సవరించుకున్నాడు. "కాటాకు వెళ్లే ముందు పైపు పట్టడం... రోజూ చేసేదే కదక్కా. చేతికి అలవాటు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు."

ఇసుక వ్యాపారం అంతటా జరిగేదే అది. తూకానికి ముందు నీళ్లు కొడితే ఇసుక బరువు పెరుగుతుంది. కొన్నవాడి ఇంటికి చేరేసరికి నీళ్లు కారిపోతాయి. డబ్బులు మాత్రం కారిపోవు. ఈసారి కొన్నవాడు లేడు, మోసం చేయాలన్న ఆలోచనా లేదు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. కాటా మీద చూపిన బరువులో కొంత రాత్రికి రాత్రి తూములోంచి నదిలోకి జారిపోయింది.

"ఒక లారీని మళ్లీ కాటాకు తీసుకెళ్లండి," అంది రుజువమ్మ.

తీసుకెళ్లారు. తగ్గింది. అందరూ ఊహించినదానికంటే ఎక్కువే తగ్గింది.

"అయితే ఏమైంది టీచరమ్మా?" లారీ వదిన గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం ఊళ్లో ఎవరూ ఎరగరు. "నీళ్ల సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. బయటివాళ్లకు తెలీదు కదా. కొంచెం తక్కువైతే తక్కువ. నిలబడిందా లేదా? రేపు అన్నయ్యగారికి ఆసుపత్రి రోజు. నేను నీ కోసమే అంటున్నా."

"నా కోసమే అంటున్నావని నాకూ తెలుసు. అందుకే ఒప్పుకోను." రుజువమ్మ పిట్టగోడకు ఆనుకుంది. కాళ్లు లాగుతున్నాయి. "రాజధానిలో వాళ్లేం చేస్తున్నారు వదినా? చూడకుండానే వద్దంటున్నారు. మనం చూడకుండానే సరే అంటే, వాళ్లకూ మనకూ తేడా ఏముంది? రేపు మీ పడవబ్బాయిని ఎత్తుకుని మీ కోడలు దీని మీద నడుస్తుంది. ఏం చెప్పి నడిపిస్తావు?"

లారీ వదిన డ్రైవర్ల వైపు తిరిగి, మళ్లీ తన మామూలు గొంతు అందుకుంది. ఆ తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. సారాంశం ఇది: ఇసుక మొత్తం దించేయాలి, క్వారీ నుంచి పొడి కంకర తేవాలి, పైపు ముట్టినవాడి చేతులు విరుగుతాయి.

ఇంటికి వెళ్లాక రుజువమ్మ భర్తకు చెప్పింది. ఆయన మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. విని, గోడవైపు తిరిగాడు.

"అంటే రేపు చుట్టుదారి."

"రేపొక్కసారే. నేను వెంట వస్తాను."

"నువ్వొస్తే కుదుపులు తగ్గుతాయా?" ఆయన గొంతులో కోపం ఉంది, ఆయనకు అరుదుగా వచ్చే కోపం. "పెళ్లైన కొత్తలో కూర ఉప్పగా ఉందంటే రుజువేదీ అన్నావు. నవ్వుకున్నాను. ఇప్పుడు నా ప్రాణం దగ్గర కూడా రుజువేనా?"

ఆమె ఆ ఉబ్బిన పాదాలను ఒడిలోకి తీసుకుని కూర్చుంది. ఆయనే ఇటు తిరిగాడు.

"కంకరైనా పొడిదేనా?"

"పొడిదే. నేనే చూస్తాను."

"చూడు. ఇంకోసారి చేయాలంటే నేను మిగలను," అన్నాడు. అలా అని, పాదాలు మాత్రం లాక్కోలేదు.

మరునాడు చుట్టుదారిన ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలో రెండు చోట్ల బస్సు ఆపించవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం బూడిద రంగులో ఉంది. వాళ్లు లేని ఆ పగలు లారీ వదిన పరీక్ష మొదలుపెట్టలేదు. లారీలన్నీ తూకం వేయించి, వంతెన మొదట్లో వరసగా నిలిపి, కంకర మీద టార్పాలిను కప్పి, ప్రతి లారీ పక్కనా ఒక మనిషిని కూర్చోబెట్టి ఎదురుచూసింది. వాన పడితే మళ్లీ మొదటికి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

రెండో పరీక్షలో పుల్ల కొన మొదటిసారి దిగిన చోటికంటే కాస్త కిందికే దిగింది. మరునాడు అదే వేళకు చూస్తే దాదాపు అక్కడే ఉంది. ఎవరూ ఈల వేయలేదు. ఈసారి అందరూ రుజువమ్మ ముఖం చూశారు. ఆమె తల ఊపింది. లారీలు దిగాయి. ఇక మిగిలింది వంగిన నడుము ఎంతవరకు లేస్తుందన్నదే. దానికి ఇంకో పగలూ రాత్రీ ఆగాలి. నది మాత్రం ఆగదలచుకోలేదు.

పొద్దుటికి తిన్నె అంచు కరిగింది. మధ్యాహ్నానికి నల్లబల్ల కాళ్లు తడిశాయి. ఇప్పుడే చూసేద్దాం, వంతెన ఎలాగూ లేచే ఉంటుందన్నారు కొందరు. ఎండ వేళ తీసిన కొలత చెల్లదని వాళ్లను వారించినవాడు దర్జీ. నల్లబల్లను కదలనీయకుండా ఇద్దరు డ్రైవర్లు నడుం లోతు నీళ్లలో పట్టుకుని నిలబడ్డారు. మీసాల డ్రైవరు వాళ్లలో ఒకడు. వేరేవాళ్లకిచ్చి గట్టెక్కమని ఎవరు చెప్పినా వినలేదు. పొద్దు వాలాక దర్జీని నలుగురు భుజాల మీద ఎత్తుకుని నీళ్లలోంచి తీసుకెళ్లారు. ఆయన సుద్దబిళ్ల పంటితో పట్టుకుని వెళ్లి, చేయి వణకకుండా ఆఖరి గీత గీశాడు. బల్లను గట్టుకు తెచ్చాక రుజువమ్మ గీతల నడుమ దూరం ఒకసారి కొలిచింది. మళ్లీ కొలిచింది. చిన్న ఇంజనీరు సైకిలు దిగి, ఏ మాటా లేకుండా తన స్కేలు తీసి మూడోసారి కొలిచాడు.

ముప్పాతిక కావాలి. అంతకంటే చాలా మించే లేచింది.

"ఆరోగ్యంగానే ఉందమ్మా," అన్నాడు చిన్న ఇంజనీరు.

తెల్లవారి వంతెన తెరుస్తున్నారన్న మాట ఎలా పాకిందో, ఖాళీ కుర్చీలన్నిటినీ దాటుకుని పై ఊరి ఆఫీసు దాకా పాకింది. పొద్దున్నే జీపు వచ్చింది. పెద్దాయన ఒకాయన దిగాడు. తాత్కాలికంగా బాధ్యతలు చూస్తున్న అధికారినని చెప్పుకున్నాడు. వెంట ముగ్గురు పోలీసులు ఉన్నారు. ఏడాదిలో ఒక్క లారీని పంపలేని యంత్రాంగం ఒక్క రాత్రిలో జీపును పంపగలిగింది. తాడు దగ్గర రుజువమ్మ స్టూలు మీది నుంచి లేచి నిలబడింది. ఆమె వెనక ఆటోలో దర్జీ, ఒళ్లో దుప్పటి, ఆసుపత్రి సంచి. ఆయన వెనక లారీ వదిన, ఆమె వెనక ఊరు.

"ఈ పరీక్ష చెల్లదు," అన్నాడు అధికారి.

"తప్పంటారా?" అంది రుజువమ్మ.

"తప్పని అనడం లేదు. చెల్లదంటున్నాను. మీకు అధికారం లేదు."

"అయితే అధికారం ఉన్న మీరు చేయండి. లారీలు ఇవిగో. కంకర ఇదిగో, పొడిది. ఇప్పుడే మొదలుపెట్టండి, మేం పక్కకు జరుగుతాం."

"పరీక్షకు ఆదేశించే అధికారం నాకు లేదు. మంత్రివర్గం ఏర్పడ్డాక..."

"ఆపడానికి ఉందా?"

జనంలో ఎవరో నవ్వారు. అధికారి ముఖం ఎర్రబడింది. అతను చిన్న ఇంజనీరు వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇది సురక్షితమని నువ్వు రాసిస్తావా?"

చిన్న ఇంజనీరు ముఖంలో రక్తం లేదు. "రాసే అధికారం నాకు లేదు సార్," అన్నాడు. తరువాత ఇంకొంచెం గట్టిగా, "కానీ నేను ఉండేది అవతలి ఒడ్డున. రాత్రి దీని మీద నుంచే ఇంటికి వెళ్లాను, ఇందాక దీని మీద నుంచే నడిచి వచ్చాను," అన్నాడు.

"విన్నారా?" లారీ వదిన గొంతు రెండు ఒడ్డులకూ వినిపించింది. "బాబూ, మీ జీపు వెనక్కి తిప్పుకుంటారా, లేక వంతెన దాటే మొదటి బండి మీదే అవుతుందా? పూలదండ కూడా వేస్తాం!"

"కేసు పెడతాను," అన్నాడు అధికారి. "అడ్డు తొలగించింది ఎవరు?"

"నేను," అంది రుజువమ్మ. "కోసింది వాళ్లైనా కోయమన్నది నేను. పెట్టండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. వంతెన బలహీనంగా ఉందని కేసులో రాస్తే, కోర్టు రుజువు అడుగుతుంది. అప్పుడు మీరు పరీక్ష చేయించక తప్పదు. ఏడాదిగా మేం అడుగుతున్నది అదే. బలహీనంగా ఉందని రాయకపోతే, మరెందుకు మూశారో రాయాలి. రెండింటిలో ఏది రాసినా మాకు మంచిదే. మీకు ఏది మంచిదో చూసుకోండి."

అధికారి పోలీసుల వైపు చూశాడు. వాళ్ల పక్కన వచ్చి నిలబడ్డ సైకిలు కానిస్టేబులు నదివైపు చూస్తున్నాడు. కింద ఎర్రనీళ్లు దుంగలను మోసుకుంటూ ఉరకలేస్తున్నాయి. ఒడ్డున తిరగబడ్డ పడవ కట్టి ఉంది. ఎవరూ ముందుకు కదల్లేదు.

"టీచరూ!" ఆటోలోంచి దర్జీ కేక వేశాడు. "వాదన ఎక్కడికీ పోదు. అక్కడ నా మంచం ఇంకొకడికి ఇచ్చేస్తారు. ఎక్కు!"

ఆమె ఒక అడుగు వేసి ఆగింది. ఆయన వెంట వెళ్లాలని ఉంది. ఈ ఏడాది అంతా ఆమె కోరుకున్నది ఆ ఒక్క ప్రయాణమే. కానీ తాడు దగ్గర ఎవరూ లేకపోతే ఆటో వెనక పీపాలు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. కేసుకు ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఇక్కడే ఉండాలి. అది ఆయనకూ అర్థమైంది. ఆయన మరోసారి పిలవలేదు.

"సాయంత్రం ఈ దారినే వస్తాను," అన్నాడు. "నువ్వు స్టేషనులో ఉంటే అక్కడికే వస్తాను. వాళ్ల యూనిఫారాల కొలతలు కూడా తీసుకోవచ్చు."

రుజువమ్మ తాడు విప్పింది. ఆటో పిట్టగోడల నడుమ చిన్నదవుతూ వెళ్లింది. వెనక అద్దంలోంచి ఆయన చేయి ఒకసారి పైకి లేచింది. దాని వెనక పాలవాడి సైకిలు, బిడ్డను ఎత్తుకున్న కోడలు, కంకర లారీలు, కాలేజీ పిల్లలు, మార్కెట్టుకు బుట్టలు మోసేవాళ్లు. ఎవరూ పరుగెత్తలేదు. తమ ఇంటి వీధిలో నడిచినట్టు నడిచారు.

ఆమె స్టూలు మళ్లీ సరిచేసుకుని కూర్చుంది. జీపు బానెట్టు మీద కాగితం పరిచిన అధికారి పెన్ను తీశాడు కానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచినట్టు లేదు.

"రాయండి," అంది రుజువమ్మ. "మొదటి వాక్యం కావాలంటే నేను చెబుతాను."